కాలువ కట్టేసిన నెల

"ఇప్పుడేం రాస్తున్నారండీ?"

పెళ్ళిపందిట్లో, పేరంటంలో, ఆఖరికి పళ్ళడాక్టరు గది బయట బెంచీమీద కూడా నన్నడిగే ప్రశ్న ఇది. ఒకప్పుడు ఈ ప్రశ్న వింటే నాకెంత సంబరమో చెప్పలేను. పైకి మాత్రం, "ఆ, ఏదో లెండి" అని మొహమాటపడుతూ లోపల పొంగిపోయేదాన్ని. పోయిన ఏడాది మాత్రం ఆ ప్రశ్న వినిపిస్తే చాలు, వడ్డన చూడాలనో, పిల్ల పిలుస్తోందనో పక్కకి తప్పుకునే స్థితి వచ్చింది. ఎందుకంటే, "ఒక నవల నడుస్తోందండీ" అని అందరికీ చెప్పి ఉన్నాను. నడవడం మాట దేవుడెరుగు, అది పధ్నాలుగో ప్రకరణం దగ్గర చతికిలబడి అప్పటికి ఆర్నెల్లు!

ఇంట్లో వాళ్ళకి ఇదొక సమస్యలా కనిపిస్తేగా! "రాకపోతే మానెయ్యి. వెనకాల ఎవరైనా తరుముతున్నారా?" అన్నారు మావారు పేపరు మడుస్తూ. "దాన్ని రైటర్స్ బ్లాక్ అంటారమ్మా, అందరికీ వస్తుంది" అంది మా అమ్మాయి. అదేదో జలుబులాగా, ఆవిరిపడితే పోతుందన్నట్టు! ఉన్నవాళ్ళలో కాస్త సానుభూతి చూపించింది మా పనిమనిషి ఒక్కతే. "అమ్మగారికి ఒంట్లో బాగుంటంలేదా? బల్లకాడ కూకోటంలేదు" అంది.

చెయ్యగలిగిన వైద్యాలన్నీ చేశాను. కలం మార్చాను. బల్ల తూర్పుకి తిప్పాను. రూళ్ళున్న కాయితాలు పోయి రూళ్ళు లేనివి వచ్చాయి. ఒకరోజు రాయబోయే ముందు బీరువా సర్దుదామనిపించింది. మర్నాడు మసాలా డబ్బాలు. ఆ మర్నాడు అటక. చెప్పొద్దూ, ఆ ఆర్నెల్లలో మా ఇల్లు మెరిసినట్టు ఎప్పుడూ మెరవలేదు. ఇంట్లో మూల మూలా అద్దంలా ఉందంటే, ఆ ఇంటి రచయిత్రి ఏమీ రాయడం లేదని అర్థం చేసుకోవచ్చు.

బి.ఎ. చదివేటప్పుడు మా ఇంగ్లీషు మాస్టారు కోలరిడ్జ్ కథ చెప్పేవారు. 1797లో ఆయనకి కలలో రెండు మూడు వందల పంక్తుల పద్యం వచ్చిందట. లేచి గబగబా రాసుకుంటుంటే, పోర్లాక్ అనే ఊరినుంచి పనిమీద ఒక మనిషి వచ్చి తలుపు తట్టాడట. గంటసేపు మాట్లాడి అతను వెళ్ళేసరికి మిగతా పద్యమంతా చెదిరిపోయింది. 'కుబ్లాఖాన్' అలాగే అసంపూర్తిగా 1816లో అచ్చయింది. క్లాసులో అందరం "అయ్యో" అనుకున్నాం. సంసారంలో పడ్డాక ఆ కథ గుర్తొస్తే నాకు నవ్వొస్తుంది. జన్మకి ఒక్క మనిషి తలుపు తడితేనే అంత గోల పెట్టాడే మహానుభావుడు! గ్యాసు సిలిండరబ్బాయి, కొరియరువాడు, కరివేపాకు రెబ్బ కోసం పక్కింటావిడ, తాళం మరిచిపోయిన మా అమ్మాయి, మాకు రోజుకి ఎంతమంది పోర్లాక్ నుంచి వస్తారో లెక్కేలేదు. అయినా వాళ్ళ మధ్యనే ఏడు నవలలు రాశాను. కాబట్టి నేరం వాళ్ళమీద పెట్టడానికి లేదు.

అసలు సంగతి నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదంతే. ఇవాళ మీకు చెబుతున్నాను.

నా ఏడో నవల వచ్చి అప్పటికి మూడేళ్ళు. దాన్ని చాలామంది మెచ్చుకున్నారు. అందులో ఒక అధ్యాయం చదివి ఏడ్చామని ఉత్తరాలు కూడా వచ్చాయి. ఆ అధ్యాయం నాది కాదు. కాలేజీ రోజులనుంచీ ప్రాణంలో ప్రాణంగా ఉన్న నా స్నేహితురాలిది. ఒక రాత్రి మా మేడమీద, కరెంటు పోయిన చీకట్లో, తన సంసారం గురించి ఒక మాట చెప్పింది. నేను జాగ్రత్తలన్నీ తీసుకున్నాననే అనుకున్నాను. పేరు మార్చాను, ఊరు మార్చాను, ఉద్యోగం మార్చాను, ఇద్దరు పిల్లల్ని ముగ్గుర్ని చేశాను. ఆ ఒక్క మాటని మాత్రం మార్చలేదు. అంత మంచి మాట మళ్ళీ నాకు దొరకదనిపించింది.

పుస్తకం వచ్చిన వారానికి ఫోన్ చేసింది. కోప్పడలేదు. "ఆ మాట నీకొక్కదానికే చెప్పాను కదే" అంది. నేనేదో అనేలోపల పెట్టేసింది. అంతే. మూడేళ్ళయింది. ఒకే ఊళ్ళో ఉన్నాం. ఆమె ఉండే వీధిలోంచి వెళ్ళాల్సొస్తే నేను చుట్టు తిరిగి వెళుతున్నాను.

ఇంక ఎనిమిదో నవల సంగతి. దాని కథానాయిక మా చిన్నత్తయ్య. నాన్నగారి ఆఖరి చెల్లెలు. కోనసీమలో ఇచ్చారు. మా ఇంట్లో ఆవిడ గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. 1986 ఆగస్టులో గోదావరికి మహా వరద వచ్చినప్పుడు, "పిచ్చిపిల్ల! వరద చూడ్డానికి రేవుకెళ్ళి తడిసి మూడురోజులు జ్వరం తెచ్చుకుంది" అని నవ్వుతూ చెప్పుకునేవాళ్ళు. మా అమ్మ మాత్రం నవ్వేది కాదు. పోయే ముందు ఒకసారి, "అది వరద చూడ్డానికెళ్ళిందటే? చేతిలో సంచీ ఎందుకుందీ?" అని ఊరుకుంది.

ఆ సంచీ పట్టుకుని నేను పదమూడు ప్రకరణాలు అల్లాను. పధ్నాలుగో ప్రకరణంలో నా కథానాయిక సంచీతో గోదారి రేవులో నిలబడింది. అక్కణ్ణించి ఆమెని ఎటు పంపాలి? అవతలి ఒడ్డుకి దాటిస్తే విజయం. నీళ్ళలోకి దింపితే విషాదం. రెండూ రాశాను. రెండూ చింపాను. చింపినప్పుడల్లా చెవిలో అదే మాట. "నీకొక్కదానికే చెప్పాను కదే." అత్తయ్యయితే నాకది కూడా చెప్పలేదు!

సరే, వైశాఖం వచ్చింది. మే నెల. ఒకరోజు అత్తయ్యే ఫోన్ చేసింది. "ఆవకాయ పెడుతున్నానే. కాయ బాగుంది. చేతిసాయానికి రాకూడదూ? రాసుకునే పనుంటే వద్దులే."

"రాసుకునే పని లేదత్తయ్యా" అన్నాను. నిజమే కదా!

గౌతమి ఎక్స్‌ప్రెస్ కొవ్వూరు దాటేసరికి తెల్లవారుతోంది. మీలో గోదావరి జిల్లాలవాళ్ళుంటే నేను చెప్పక్కర్లేదు. ఎంత గాఢనిద్రలో ఉన్నా వంతెనెక్కిన చప్పుడికి మెలకువ వచ్చేస్తుంది. పై బెర్తుల మీంచి జనం దిగి కిటికీల దగ్గర చేరారు. రూపాయి బిళ్ళలు గోదారిలోకి ఎగిరాయి. నా ఎదురుగా ఉన్న ముసలావిడ బిళ్ళ విసిరి దణ్ణం పెట్టుకుని, "నువ్వూ వెయ్యవే అమ్మా, అడిగింది ఇస్తుంది" అంది. వేశాను. ఏమడగాలో తోచలేదు. పధ్నాలుగో ప్రకరణం ఇప్పించమని గోదావరీమాతని అడగడం మరీ అన్యాయంగా ఉంటుందేమో అనిపించింది.

దిగువన పాత హేవ్‌లాక్ వంతెన కనిపించింది. 1900లో రైళ్ళు మొదలై, 1997లో ఆగిపోయాయి. నా చిన్నప్పుడు దానిమీదినుంచే వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు రైలు లేదు, వంతెన ఉంది. దాన్ని చూసి నామీద నాకే జాలేసింది. రచయితలు ఏడ్వదలుచుకుంటే ఎందులోనైనా పోలిక దొరుకుతుంది!

రాజమండ్రిలో సగంరోజు ఆగాను. 2015లో పేరు రాజమహేంద్రవరంగా మారింది గానీ, నా నోటికి ఇంకా రాజమండ్రే వస్తుంది. నేను చదువుకున్న ఊరు. గోదావరి గట్టు, రోజ్‌మిల్క్, గౌతమీ గ్రంథాలయం, ఈ మూడూ చూడకుండా వెళితే ఊరు చూసినట్టు కాదు. నూరేళ్ళు దాటిన ఆ గ్రంథాలయంలో ఒకప్పుడు పరీక్షల చదువుకని వెళ్ళి నవలలు చదివేదాన్ని. ఇప్పుడు నవల రాయలేక వెళ్ళి ఒక మూల కుర్చీలో కూర్చున్నాను. ఏదో ఒకటి చేతిలో ఉండాలని భారతం తీశాను. అరణ్యపర్వం వచ్చింది.

తెలుగు చదువుకున్నవాళ్ళకి కొత్త సంగతి కాదు. పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడు అడిగితే, ఈ గోదావరి ఒడ్డునే నన్నయ్యగారు భారతం తెనిగించడం మొదలుపెట్టారు. ఆదిపర్వం అయింది. సభాపర్వం అయింది. అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో శరత్కాలపు రాత్రుల్ని వర్ణిస్తూ ఆగిపోయారు. ఎందుకాగారో రూఢిగా చెప్పినవారు లేరు. తరవాత పదమూడో శతాబ్దంలో నెల్లూరు సీమలో తిక్కనగారు కలం పట్టారు. ఆయన అరణ్యపర్వాన్ని ముట్టుకోకుండా విరాటపర్వంనుంచి మొదలుపెట్టి పదిహేను పర్వాలు పూర్తిచేశారు. ఆ మిగిలిన ముక్క ముట్టుకుంటే కీడని భయపడ్డారని లోకంలో ఒక మాట ఉంది. చూశారా, అంతటివాళ్ళకి కూడా ఆగిపోయిన ప్రకరణమంటే భయమే!

పద్నాలుగో శతాబ్దంలో ఎర్రనగారు వచ్చి ఆ శేషం పూరించారు. అదీ ఎలా? తన ప్రతిభ చాటుకోవాలని చూడకుండా, నన్నయ్యగారే రాస్తున్నట్టు రాసి, రాజరాజనరేంద్రుడికే అంకితం చేశారు. కాలేజీలో ఇదంతా పరీక్ష కోసం వల్లించాను. ఆ రోజు మాత్రం ఆ రెండు పద్యాలూ పక్కపక్కన పెట్టుకు చూస్తే ఒళ్ళు జలదరించింది. నన్నయ్యగారు ఆపింది శరద్రాత్రుల దగ్గర. ఎర్రనగారు ఎత్తుకున్నది అదే శరత్తులో తెల్లవారే వేళల్ని. ఆ రాత్రికీ ఆ తెల్లవారడానికీ మధ్య రెండువందల ఏళ్ళ పైచిలుకు!

పుస్తకం ఇచ్చేసి మెట్లు దిగుతుంటే ఒక ఆలోచన వచ్చింది. ఎర్రనగారు నన్నయ్యగారి మనసులో ఏముందో ఎంత శ్రద్ధగా విని ఉంటారు! అడగడానికి మనిషి లేకపోయినా విన్నారు. నా మనిషి కోటిపల్లి రేవు అవతల, ఆవకాయ ముక్కలు తుడుచుకుంటూ బతికి ఉంది. నేనేమో హైదరాబాదులో బీరువాలు సర్దుతున్నాను.

బస్సెక్కాను. ధవళేశ్వరం దాటుతుంటే వీరేశలింగంగారి 'రాజశేఖర చరిత్రము' గుర్తొచ్చింది. 1880లో పుస్తకంగా వచ్చిన ఆ నవల ఈ గోదావరి వర్ణనతోనే, ఈ ఊళ్ళోనే మొదలవుతుంది. అక్కడే కాటన్ దొర ఆనకట్ట. 1852లో అది పూర్తయ్యాకే ఈ డెల్టా అంతా పచ్చబడింది. ఆ రోజు మాత్రం దారిపొడుగునా కాలువల్లో నీళ్ళు లేవు. ఏటా ఎండాకాలంలో పంట చేతికొచ్చాక కాలువలు కట్టేస్తారు. అడుగున బురద నెర్రెలిచ్చి, ఎక్కడో ఒక గుంటలో ఇంత నీళ్ళు, అందులో నాలుగు కొంగలు. కాలువ గట్లమీద పుట్టి పెరిగినదాన్ని, కట్టేసిన కాలువని ఎన్నిసార్లు చూశానో! అయినా ఆ రోజు చూడబుద్ధి కాలేదు. మొహం ఇటు తిప్పుకున్నాను.

ద్రాక్షారామంలో భీమేశ్వరుడికి బస్సులోంచే దణ్ణం పెట్టుకుని కోటిపల్లిలో దిగాను. వేసవిలో గౌతమి సగం ఇసకతిప్పలే. నెత్తిమీద కొంగు కప్పుకుని ఇసకలో నడిచి పడవెక్కాను. పడవలో నాలుగు సైకిళ్ళు, ఒక మోటారుసైకిలు, రెండు మామిడికాయల గంపలు, ఒక కొత్త పెళ్ళికూతురు. "ఎవరింటికండి?" అన్నాడు పడవతను. అత్తయ్య పేరు చెప్పాను. "ఆయ్, అరుగు మేష్టరమ్మగారి ఇంటికాండీ? నాకూ ఆవిడేనండి ఎక్కాలు నేర్పింది" అన్నాడు. డబ్బులు తీసుకోనన్నాడు. బలవంతంగా ఇచ్చాను.

అరుగు మేష్టరమ్మ! ఈ పేరు నా నవల్లో లేదు.

అత్తయ్య నన్ను చూసి, "చిక్కిపోయావేవే!" అంది. నేను ఆర్నెల్లలో అయిదు కిలోలు పెరిగాను. మేనత్తల కళ్ళకి అవన్నీ కనపడవు. కాళ్ళు కడుక్కునేలోపలే నా చేతికి పొడిగుడ్డ ఇచ్చింది. కత్తిపీటమీద కాయ కొడుతున్నది ఆవిడ, ముక్కలోంచి జీడి తీసి తుడవడం నా పని. "టెంక లేని ముక్క పక్కన పడెయ్. జాడీలో నానిపోతుంది. టెంక ఉంటేనే ఏడాదంతా నిలబడుతుంది" అంది. ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు, పప్పునూనె, అన్నీ పళ్ళాలలో సిద్ధంగా ఉన్నాయి. కొలత గిన్నె లేదు. ఆవిడ చెయ్యే కొలత.

ఆ పెరటి వసారాలో ఒక పాత ట్రంకుపెట్టె ఉంది. నా చిన్నప్పటి స్వర్గం అది. వీక్లీల్లో వచ్చిన సీరియల్సు కత్తిరించి, గోనెదారంతో కుట్టి, అట్టలు వేసి దాచుకున్న బైండ్లు. యద్దనపూడి సులోచనారాణిగారు, రంగనాయకమ్మగారు, మాలతీ చందూర్‌గారు, అందరూ ఆ పెట్టెలోనే నాకు పరిచయం. ఎక్కడో ఒక వారం పేజీ పోతే, ఆ కథ అత్తయ్య నోటితో చెప్పేది. చాలా ఏళ్ళ తరవాత అసలు పుస్తకం చదివితే తెలిసింది, అత్తయ్య చెప్పిన కథ వేరు! తనకి నచ్చినట్టు మార్చేసేది. అంటే మా వంశంలో మొదటి నవలా రచయిత్రిని నేను కాదన్నమాట.

రాత్రి భోజనాలయ్యాక అరుగుమీద మడతమంచాలు వేసుకున్నాం. ఎదురుగా రోడ్డు, రోడ్డవతల ఎండిన కాలువ. ధైర్యం చేసి అడిగేశాను.

"అత్తయ్యా, ఆ వరదనాడు నీ చేతిలో సంచీ ఎందుకుందీ?"

కాసేపు మాట్లాడలేదు. విసనకర్ర ఆగింది. "మీ అమ్మ చెప్పిందా?" అంది. ఆ తరవాత శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కథల్లో ఆడవాళ్ళు మాట్లాడినట్టే, ఎక్కడా తడబాటు లేకుండా, నిన్న జరిగినట్టు చెప్పుకుపోయింది.

బి.ఎ. పాసైన పిల్ల. రాజమండ్రిలో టీచరు ట్రెయినింగుకి సీటు వచ్చింది. మామగారు వద్దన్నారు. మామయ్య నోరెత్తలేదు. చేరడానికి గడువు రేపనగా, సర్టిఫికెట్లు ప్లాస్టిక్కాయితంలో చుట్టి సంచీలో పెట్టుకుని తెల్లవారుజామున రేవుకి బయలుదేరింది. చెప్పకుండానే. తీరా వెళితే రేవు ఎక్కడ? మెట్లు లేవు, పాక లేదు. ఎర్రటి నీళ్ళు చెట్లని, గడ్డిమేట్లని మోసుకుపోతున్నాయి. పడవలన్నీ గట్టుకి కట్టేశారు. ఆ ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు దాటిందని నేను తరవాత చదువుకున్నాను. ఎన్నోచోట్ల గట్లు తెగాయి. అత్తయ్యకి అంకెలు తెలియవు. "అవతలి ఒడ్డు కనపళ్ళేదే" అంది, అంతే.

"అప్పుడేం చేశావు?" నా గొంతు నాకే వినపడలేదు. నా పధ్నాలుగో ప్రకరణం అది.

"ఏం చేస్తానూ? నిలబడ్డాను. ఇంతలో గట్టు జారుతోందని కేకలు. లంకల్లోంచి వచ్చినవాళ్ళందర్నీ బడికి తోలుతున్నారు. ఎవరో చంకలోపిల్లని నా చేతిలో పెట్టి, 'పట్టుకోండమ్మా, ముసల్దాన్ని తీసుకొస్తాను' అని వెనక్కి పరుగెత్తింది. పిల్ల నా చేతిలో ఉంటే నేనెక్కడికి పోనూ? బడికెళ్ళాను. అక్కడ ముప్ఫయి మంది పిల్లలు, ఒకటే ఏడుపు. ఊరుకోబెట్టాలిగా? బల్లమీద సుద్దముక్క ఉంది. అ ఆ ఇ ఈ రాయించాను. మూడ్రోజులు."

మూడోనాడు అత్తగారు వెతుక్కుంటూ వచ్చిందట. మోకాలిలోతు నీళ్ళలో. నా నవల్లో ఆ అత్తగారు పరమ రాక్షసి. పదమూడు ప్రకరణాలలో ఆవిడచేత నేను అనిపించని మాట లేదు.

"కోప్పడిందా?"

"సంచీ తీసుకుని విప్పింది. ఆవిడకి చదువు రాదు కదా. కాయితాలు అటూ ఇటూ తిప్పి చూసింది. మళ్ళీ ఎలా ఉన్నవి అలాగే చుట్టి, సంచీ తన నెత్తిన పెట్టుకుని, 'పద, తడిస్తే పాడైపోతాయి' అంది. ఇంటికొచ్చాక అటకమీద పెట్టింది. మామగారితో ఏం చెప్పిందో తెలీదు. వచ్చే నెలనుంచీ సాయంత్రం పూట ఈ అరుగుమీద పిల్లలకి పాఠాలు చెప్పుకోమన్నారు. అదేవిటే, ఏడుస్తున్నావా?"

లేదు, ఆవఘాటు అన్నాను. ఆవకాయ పెట్టిన రాత్రి ఇలాంటి అబద్ధాలు చెల్లుతాయి.

అప్పుడు నా సంగతంతా చెప్పేశాను. ఎనిమిదో నవల, సంచీ, రెండు ముగింపులు, నా స్నేహితురాలు, ఆ ఫోను, మూడేళ్ళు, అన్నీ. అత్తయ్య విని, "నువ్వు రాయలేకపోవడం కాదే. నీకు తెలీదు, అంతే. తెలియంది ఎలా రాస్తావూ?" అంది.

ఎంత తేలిగ్గా అనేసింది! ఆలోచిస్తే అంతే. ఒక మనిషి విషయంలో తెలిసి కూడా అడక్కుండా రాసేశాను. ఇంకో మనిషి విషయంలో తెలియక, అడగడానికి మొహం చెల్లక ఆగిపోయాను. రెండుచోట్లా లేనిది అడగడమే. దీనికి ఇంగ్లీషులో పేరెందుకు?

"మరి రాసుకోనా?" అన్నాను.

"రాసుకో. మా అత్తగారిని మాత్రం చెడ్డదాన్ని చెయ్యకు. ఆ సంచీ ఆవిడ నెత్తినే ఉండాలి. ఇంకోటి, నన్ను గోదారి దాటించకు. దాటకపోయినా నేనేం మునిగిపోలేదు. అచ్చు వెయ్యకముందే నాకు చదివి వినిపించు." కాసేపాగి, "ఆ రోజు నాది ఆకుపచ్చ నేతచీర. అది మార్చావంటే ఒప్పుకోను" అంది.

పొద్దున్నే లేచేసరికి రోడ్డవతల ఒకటే సందడి. కాలువలో మనుషులు దిగి పూడిక తీస్తున్నారు. గట్టుమీద బురదలో ఏమేం బయటపడ్డాయనుకున్నారు? తెగిన చెప్పులు, సైకిలు చక్రం, కొబ్బరిచిప్పలు, దేవుడి పటం చట్రం. అత్తయ్య పేరంటానికి వెళ్ళినంత హడావుడిగా వెళ్ళి, చేతిలో మట్టికొట్టుకుపోయిన ఇత్తడి చెంబుతో తిరిగొచ్చింది. "రేవులో జారిపోయిన చెంబే! ఎన్నాళ్ళనుంచి వెతికానో!" అని చింతపండు పెట్టి తోముతూ కూచుంది.

నేను కాలువకేసి దిగులుగా చూస్తున్నాననుకుందో ఏమో, "కాలువ కట్టేస్తే గోదారి ఎండిపోయినట్టు కాదుగా! కట్టకపోతే పూడిక ఎప్పుడు తీస్తారూ? జూన్లో మళ్ళీ వదుల్తారు" అంది. నాకోసమే అందో, మామూలుగానే అందో ఇప్పటికీ తెలీదు. అడిగితే, "నేనేమన్నానే?" అంటుంది.

అత్తయ్య పాత హాజరుపట్టీల్లో వెనకవైపు ఖాళీ పేజీలుంటే, వాటిమీద పధ్నాలుగో ప్రకరణం అక్కడే, ఆ అరుగుమీదే రాశాను. మూడు రోజులు. నాలుగోనాడు జాడీలో ఆవకాయ తిరగకలుపుతూ ఆవిడ విన్నది. "వరద వాసన రాయలేదే నువ్వు" అంది. "వరదకి వాసనేమిటి?" అన్నాను. "పచ్చగడ్డి మురిగిన వాసన, దాంట్లోనే ఎక్కణ్ణించో మల్లెపూల వాసన. ఎవరి దొడ్డో కొట్టుకొచ్చేసిందనుకున్నాను." రాశాను. ఆ పేజీకి నావి ఎన్ని వాక్యాలో, ఆవిడవి ఎన్నో చెప్పడం కష్టం.

హైదరాబాదు వచ్చాక మిగతా నవల నడిచింది. పరుగెత్తిందని చెప్పను, నడిచింది. అత్తగారి పాత్ర కోసం మొదటి పదమూడు ప్రకరణాలూ తిరగరాయాల్సొచ్చింది. ఇల్లు మళ్ళీ యథాప్రకారం బూజుపట్టింది. "పోనీలే, ఆరోగ్యం బాగుపడింది" అన్నారు మావారు బూజుకేసి చూస్తూ.

ఒక్క పని మిగిలింది. నవలకంటే కష్టమైనది. నా స్నేహితురాలికి ఉత్తరం రాశాను. ఫోన్ కాదు, వాట్సాప్ కాదు, కాయితం మీద, చేత్తో. సమర్థించుకోలేదు. "నువ్వు నాకొక్కదానికే ఇచ్చినదాన్ని అందరికీ పంచాను. ముందు నిన్ను అడగాల్సింది" అని మాత్రం రాశాను. ఆ కాయితం రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. అత్తయ్య ఇచ్చిన ఆవకాయలోంచి చిన్న జాడీడు తీసి, మూతికి గుడ్డ కట్టి, ఉత్తరంతో కలిపి మా అమ్మాయిచేత పంపించాను.

వారం గడిచింది. పదిరోజులు గడిచాయి. ఈలోగా అత్తయ్య ఫోన్ చేసి, "కాలువ వదిలారే!" అని నీళ్ళ చప్పుడు వినిపించింది.

ఇరవై రోజుల తరవాత ఒక సాయంత్రం వాళ్ళబ్బాయి వచ్చాడు. "అమ్మ ఇమ్మంది ఆంటీ" అని జాడీ ఇచ్చి, మంచినీళ్ళైనా తాగకుండా వెళ్ళిపోయాడు. ఉత్తరం లేదు. చీటీ లేదు. మూత తీసి చూశాను. జాడీ శుభ్రంగా కడిగి, ఎండలో ఆరబెట్టి ఉంది. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా మనవాళ్ళలో. అడుగున గుప్పెడు పటికబెల్లం వేసి పంపింది.

ఒక పలుకు నోట్లో వేసుకుని, చాలాసేపు అలా గుమ్మంలోనే నిలబడ్డాను.